గడ్డ లేని గొంతు

కుందుర్పి,
1964 ఆగస్టు

మీ పాదాలకు కదిరమ్మ నమస్కారాలు. నేనూ, పాపా, మా అమ్మా క్షేమం. సరిహద్దు చలిలో కాపలా కాస్తున్న మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. వాన సంగతి అడిగారు. పడలేదు. వేసిన వేరుశనగ విత్తనం మన్నులోనే మాడింది.

మీ అన్న కాళ్ళకు మొక్కి, నేను వదిలి వచ్చిన ఆయన ఇంటికి తిరిగి పొమ్మన్నారు. మొక్కను. ఆయన మీకు రాసింది సగమే. మిగతా సగం నేను రాస్తాను.

ఆసుపత్రిలో మీ అన్న నరసింహప్ప గొప్ప ఉద్యోగమేమిటి? డాక్టర్లు రాసిన జబ్బు చూసి, పక్కన ఆ జబ్బుకు లెక్కలో ఉన్న అంకె వేయడం. ఆ మాత్రానికే ఇంట్లో మంచినీళ్ళు కూడా చేతికి అందించాలి. పోయిన ఏడు డాక్టరమ్మ మన పాప చౌడమ్మను చూసి, నా ఒంట్లో అయొడిన్ చాలక కడుపులోనే బిడ్డ గొంతు గ్రంథి దెబ్బతిన్నదని రాసి, మాత్రలు ఇప్పించింది. మీ అన్న బిడ్డ మెడ తడిమి, ఆ జబ్బయితే గొంతు మీద గడ్డ ఉండాలి, లేదు కదా అని, పుట్టు మందబుద్ధి అంకె వేశాడు. డాక్టరు రాసింది కాదని మెడ తడిమే గుమాస్తాను ఎక్కడైనా చూశారా?

డాక్టరమ్మకు బదిలీ అయింది. కొత్తాయన అంకె ఒక్కటే చూసి, మందబుద్ధికి మందు లేదని మాత్రలు ఆపేశాడు. బిడ్డ మొహం ఉబ్బింది, ఒళ్ళు చల్లబడింది, నాలుక బయటికి వచ్చింది, ఏడుపు కూడా మానేసింది. ఎంత బుద్ధిమంతురాలో అని మీ అమ్మ మురిసిపోయింది. అంకె మార్చమని మీ అన్నను బతిమాలాను. ఆయనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఇప్పుడు మారిస్తే పైవాళ్ళు నన్నడుగుతారు. ఆడపిల్లే కదమ్మా, యాడో ఒక మూల కూచోనుంటాది."

నేను మీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. మర్నాడు ఆయన ఆఫీసుకే పోయి, బిడ్డను ఆయన బల్ల మీద కూర్చోబెట్టాను. "గడ్డ యాడుండాదో మళ్ళీ ఎతుకు బావా" అని అందరూ వినేటట్టు అన్నాను. బిడ్డ ఆయన కాగితాల మీద ఉచ్చ పోసింది. నేను తుడవలేదు. అంతటి మగవాడు పంచె ఎత్తిపట్టుకుని గోడకు అంటుకున్నాడు. గొడవ విని వచ్చిన కొత్త డాక్టరు, డాక్టరమ్మ రాసిన పాత చీటీ చదివి, మాత్రలు మళ్ళీ రాశాడు.

ఇప్పుడు ఒళ్ళు వెచ్చబడింది, ఏడుస్తోంది. కానీ మందు లేని ఆ నెలల్లో ఎదగాల్సిన తెలివి ఇక రాదని డాక్టరు నా మొహం చూడకుండా చెప్పాడు. నడుస్తుందట. మాట వస్తుందని మాత్రం నమ్మకం లేదట.

సెలవు దొరికితే రండి. ముందు మీ అన్న ఇంటికి పోయేటట్టయితే అక్కడే ఉండిపోండి. మిమ్మల్ని నాయనా అని పిలవలేని బిడ్డకు, ఆయన కాళ్ళకు మొక్కే నాయన అక్కర్లేదు.

ఇట్లు,
మీ చౌడమ్మ తల్లి