ముప్పై రెండు ఎంబీ ఎవరు తీశారు

షామ్‌బర్గ్, అమెరికా
బుధవారం

అక్కకు,

చెల్లెలు పద్మ నమస్కారాలు. నువ్వూ బావగారూ పిల్లలూ కులాసా అని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? మాకిక్కడ ఏ లోటూ లేదు, నిజంగానే లేదు, దిగులు పెట్టుకోకు. మంచు ఇంకా కరగలేదు. ఆయన ఆఫీసుకు వెళ్తే సాయంత్రం దాకా నేనూ గోడలూ. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు కనుక, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సయినా నేర్చుకుంటానని పోరి ఒక ల్యాప్‌టాప్ కొనిపించుకున్నాను.

షాపులో అన్నిటికన్నా చవకది అదే. మూడు కిలోల పైనే బరువు. పక్కన ఫ్లాపీకీ సీడీకీ చోట్లు, వెనక ఫోన్ వైరు దూర్చే రంధ్రం, గంటన్నర కూడా ఆగని బ్యాటరీ. అట్టపెట్టె మీద మెమరీ 256 ఎంబీ అని రాసి ఉంది. అదెంత ఎక్కువుంటే అంత చురుగ్గా పనిచేస్తుందట.

పై అంతస్తులో ఉండే గుంటూరు సరళ గురించి రాశాను కదా. నాకు కారు నడపడం రాదు. కూరలకైనా డాక్టరు దగ్గరికైనా తనే తీసుకెళ్తుంది. మనసు విప్పి మాట్లాడుకోవడానికి నాకు ఈ ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క మనిషే. వాళ్ళాయన మురళి తెలుగు అక్షరాలు వచ్చేలా చేస్తానని ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి, రెండు రోజులు ఉంచుకుని ఇచ్చాడు. ఆ తర్వాత కోర్సులో మెమరీ ఎంతుందో చూసుకోవడం నేర్పారు. చూస్తే 224. మళ్ళీ చూసినా అంతే.

నా బుద్ధి నీకు తెలియనిదా? అక్కడ పాలవాణ్ణి ఒక్కరోజైనా నమ్మానా? ల్యాప్‌టాప్ తిరగేసి చూస్తే, అడుగున మెమరీ మూత స్క్రూ మీద గీరుకున్న గుర్తు కనిపించింది. మురళికీ అలాంటి ల్యాప్‌టాప్ ఉంది. ఇంకేం, తీసి తనదాంట్లో పెట్టుకున్నాడనుకున్నాను. మా ఆయనకు చెబితే స్నేహితుణ్ణి వెనకేసుకొస్తారని చెప్పలేదు. శనివారం కారులో సరళనే అడిగేశాను.

"మా మెమరీ ముప్పై రెండు తగ్గింది. అన్నయ్యగారు ఏమైనా ఓపెన్ చేశారా?"

"ఫాంట్స్ ఇన్‌స్టాల్ చేశారంతే. ఓపెన్ ఎందుకు చేస్తారు?"

"ఏమో, ఆయనకీ అదే మోడల్ కదా."

సరళ చటుక్కున రేడియో పెట్టేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకున్నాను.

సాయంత్రం మా ఆయనకు చెబితే తల పట్టుకున్నారు. "చవక ల్యాప్‌టాప్‌లో స్క్రీన్‌కి వేరే మెమరీ ఉండదే. ఉన్నదాంట్లోంచే ముప్పై రెండు వాడుకుంటుంది. నన్నొక మాట అడగొచ్చుగా?" అని, దాంతోపాటు వచ్చిన పుస్తకంలో ఆ ముక్క చూపించారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆదివారం రవ్వలడ్డూలు చేసి సరళ ఇంటికి పట్టుకెళ్ళి, తప్పయిపోయిందన్నాను. "పోనీలెండి పద్మగారూ, ఎవరికైనా డౌట్ వస్తుంది," అంది. ఎప్పుడూ పద్మా అనే మనిషి. కాఫీ ఇచ్చింది. ఇంతలో లోపల ఫోన్ మోగింది. ఇదివరకు ఇల్లంతా నాకొదిలేసి స్నానానికి వెళ్ళేది. ఇప్పుడు రెండడుగులు వేసి, వెనక్కొచ్చి, సోఫాలో నా పక్కనున్న తన హ్యాండ్‌బ్యాగు తీసుకుని లోపలికి వెళ్ళింది.

కాఫీ ఎలా తాగానో తెలియదు. బావగారికి ఈ సంగతి చెప్పకు. వీలైతే నా డిగ్రీ సర్టిఫికెట్ల జిరాక్సులు పంపు. అత్తయ్యగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. మీ దీవెనలు నాకు కావాలి.

నీ చెల్లెలు
పద్మ