తువ్వాలు కింద ఊపిరి

బావా,

నీ మంచం పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట, ఆసుపత్రి మెట్ల కింద బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నాకు జ్వరమని అక్క చెప్పి ఉంటుంది. జ్వరం లేదు. నీ ముఖం చూడలేకే పైకి రావడం లేదు.

మార్కెట్లో కూరగాయల వేలం వేస్తే నాలుగు వీధుల అవతల వినిపించే గొంతు నీది. ఆ గొంతుకే రంధ్రం చేసి గొట్టం పెట్టారు. మొన్న మార్కెట్ వాళ్లు నిన్ను చూడ్డానికొస్తుంటే, ఆ గొట్టం వాళ్ల కంట పడుతుందని నాకు నామోషీ అనిపించింది. నీక్కాదు, నాకు. నా తువ్వాలు తీసి నీ మెడకు చుట్టాను. "దాని మీద ఏదీ కప్పకండి, ఆయన ఊపిరి తీసేది ముక్కుతో కాదు, అక్కడినుంచే" అని నర్సమ్మ మొదటిరోజే చెప్పింది. తలూపాను. తలూపడంలో మనల్ని మించినవాళ్లెవరు?

తర్వాత నువ్వు వేలంలో నీ అన్నం క్యారేజీనే అమ్మేసిన కథ ఎత్తుకున్నాను. అందరూ నవ్వారు. నువ్వు మంచం కమ్మీ దబదబా బాదావు. "చూశారా, మా బావకెంత నచ్చిందో" అన్నాను. నువ్వింకా బాదావు, నేనింకా చెప్పాను. నర్సమ్మ పరుగెత్తుకొచ్చి తువ్వాలు లాగేసి, గొట్టంలోంచి కఫం తీస్తుంటే గానీ నా నవ్వు ఆగలేదు. అప్పటికి నీ పెదాలు నీలంగా మారాయి. ఆమె నన్ను తిట్టనైనా లేదు. తిడితే బాగుండేది.

నిన్ను ఇంటికి పంపాలంటే గొట్టం శుభ్రం చేయడం ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలట. అక్క ఒకరు. రెండోవాణ్ణి నేనన్నారు. ఈ చేతులొద్దు బావా. ఇంకెవరినైనా చూసుకోండి.

నీ బావమరిది

ఒరేయ్ బావమరిదీ,

మాట పోయింది గానీ చెయ్యి పోలేదు, అందుకని రాస్తున్నాను. తప్పు నీదే. చచ్చిపోతాననుకున్నాను. నీ మనసు కుదుటపడుతుందని అబద్ధం రాయలేను. కాకపోతే, మొదటి రెండు దెబ్బలూ నిజంగా నవ్వొచ్చే కొట్టాను.

మీ అక్క నేర్చుకుంటోంది. చేతులు కడుక్కోవడం దాకా బాగానే ఉంది. కఫం తీసే పైపు పట్టిందంటే మాత్రం తూములో పూడిక తీస్తున్నట్టే. "మెల్లిగానమ్మా" అని మొత్తుకుని నర్సమ్మ నావైపు తిరిగి, "ఆ రోజు తువ్వాలు చుట్టి భయపడ్డాయన ఎక్కడండీ? ఆయన్ని పిలవండి. ఆ చెయ్యి తొందరపడదు" అంది.

ఊపిరాడకపోతే కమ్మీ కొడతాను. నవ్వొస్తే బొటనవేలు ఎత్తుతాను. వచ్చినవాళ్లందరికీ తెలిసేలా మంచం పైన గోడకి రాసి అంటించారు. రేపు పొద్దున్నే రా.

వేలు లేవకపోతే మాత్రం కథ మార్చు.

నీ బావ