ఏలక్కాయ కోసం పైకి చూసిన మనిషి

శుక్రవారం, బోడినాయకనూరు

మెట్టినింటివాళ్ల మీద నోరు తెరవలేను. అందుకే రాస్తున్నాను.

కొండ మీద మా నాన్న నాకిచ్చిన ఏలకుల తోటను కోయంబత్తూరు మరిది గుత్తకు అడుగుతున్నాడు. కేరళ వైపు పదేళ్లు ఏలకులు పండించానంటాడు. ఈ రోజు జీపులో తోటకు తీసుకెళ్లాం. అతడు ఆకులు విడదీసి, తలెత్తి పైనంతా వెతికాడు.

"ఏమి వదినా, ఒగ కాయి గూడా లేదే?"

"కాయి మొదట్లో ఉండాది తంబీ, నేల దగ్గిర చూడు," అన్నాను.

మా ఆయన పకపకా నవ్వారు. "కోయంబత్తూరు కండ్లు గదా! పత్తిచేను అనుకొని పైన వెతుకుతాండాడు."

అతడూ నవ్వాడు. వంగి మాత్రం చూడలేదు.

ఏలక్కాయ నేల మీద పాకే రెమ్మలకు కాస్తుందని ఒక్క కోత చూసినవాడికైనా తెలుసు. పదేళ్లు ఇతడు చూసిందేమిటి? దిగి వస్తూ, పట్టా ఎవరి పేర ఉందని రెండుసార్లు అడిగాడు. కావలసింది కాయేనా, నేలా?

మా ఆయనకు తమ్ముడంటే ప్రాణం. రేపు నన్ను గుత్త కాగితం మీద సంతకం పెట్టమంటారు. కళ్లజోడు కనిపించలేదని చెబుతాను. పెరుమాళ్లు ఈ అబద్ధాన్ని మన్నించాలి. ఎల్లుండి ఏం చెప్పాలో...

నా అనుమానం తప్పైతే అతడి పేరు చెడకూడదు. ఈ కాగితం ఎవరికి దొరికినా దాచండి, చూపకండి.