తలుపుచేప

ప్రియమైన బావకి,

మా చేపల ఆఫీసువాళ్ళు తీరంలో దొరికే చేపల పేర్లన్నీ పుస్తకంగా వేస్తున్నారు. పేరు పక్కన అర్థం రాసే పని నా నెత్తిన పడింది. మీ రేవులో అందరూ తలుపుచేప అంటారే, దానికి ఆ పేరెందుకొచ్చింది? తలుపులా బల్లపరుపుగా ఉంటుంది కాబట్టేనని మా పెద్దగుమాస్తా తేల్చేశాడు. నీకు ఫోన్ చేస్తే ఎత్తవు. అక్క పోయాక మనకంటూ మిగిలింది మనమిద్దరమేగా. ఉలకవు, పలకవు, ఏమిటి బావా ఇది?

నీ బావమరిది

ప్రియమైన బావమరిదికి,

మీ పెద్దగుమాస్తా చేపని కంచంలో తప్ప చూసినట్టు లేడు! అది గుండ్రంగా ఉంటుందిరా. గుంపు కదిలితే నీళ్ళ అడుగున ఎవరో తలుపు తట్టినట్టు టక్ టక్‌మని చప్పుడొస్తుంది. తెడ్డు నీళ్ళలోకి దించి, పిడికి చెవి ఆనిస్తే వినబడుతుంది. నేను చెయ్యెత్తితేనే మా పడవలో వల దిగేది. ముప్పై ఏళ్ళు ఆ పని నాదే. "సముద్రంలో చేప తడితే వినబడుతుంది, నేను పిలిస్తే మాత్రం వినబడదు ఈ మనిషికి" అని మీ అక్క దెప్పేది. ఇప్పుడు దెప్పేవాళ్ళు కూడా లేరు ఇంట్లో. ఫోన్లో మాట్లాడటం నాకు పడదు, ఉత్తరమే రాయి.

నీ బావ

బావకి,

ఆ చప్పుడు నీ పక్కన కూర్చుని వినాలని ఆదివారం బస్సెక్కి వచ్చాను. అరగంట తలుపు బాదాను. కిటికీ ఊచలు పట్టుకుని పిలిచాను. నీ వీపు కనబడుతూనే ఉంది, వల బాగుచేసుకుంటున్నావు. ఒక్కసారైనా తల తిప్పలేదు. అక్క ఆఖరి చూపుకి నేను అందలేదన్న కోపం నీకింకా తీరలేదని అర్థమైంది. తెచ్చిన పళ్ళు గడప మీద పెట్టి వచ్చేశాను. ఇక నిన్ను ఇబ్బంది పెట్టను.

ఇట్లు, నీ బావమరిది

ఒరేయ్ పిచ్చి బావమరిదీ,

ఆ పళ్ళు ఎవరు పెట్టారో తెలియక పక్కింటివాళ్ళని అడిగాను. ఇవాళ నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నీ మీద నాకు కోపమేమిట్రా! నువ్వొచ్చినట్టే నాకు తెలియదు. నా చెవులు పోయాయిరా. ఏడాదిగా తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు పూర్తిగా పోయాయి. ఆమధ్య తెడ్డుకి చెవి ఆనించి, "ఇక్కడ లేవు, పదండి" అన్నాను. వెనకొచ్చిన పడవ సరిగ్గా అక్కడే వల నింపుకుంది. మావాళ్ళు పల్లెత్తు మాట అనలేదు. మర్నాటి నుంచి పడవెక్కమనలేదు, అంతే. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

పుస్తకంలో తట్టే చప్పుడనే రాయి. విన్నవాడే చెప్పాడని కూడా రాయి.

మళ్ళీ రారా. తలుపు తట్టకు, గడియ తీసే ఉంచుతున్నాను. తోసుకుని లోపలికొచ్చి నా భుజమ్మీద చెయ్యి వెయ్యి.

నీ బావ