ఉప్పు ఇంటి మీద వాన

అమ్మా, ముందే చెబుతున్నా, భయపడకు, ముగ్గురం క్షేమం.

మంగళవారం మధ్యాహ్నం ఈ అటకామా ఎడారిలో వాన పడింది. ఎనభై ఏళ్ళ మా మామగారు పుట్టి బుద్ధెరిగాక చూడని వాన! అరగంటే పడింది. ఆయన ఉప్పుగడ్డలతో కట్టిన ఇల్లు బెల్లంలా కరిగి కారింది. అయినా ఆయన కదలరే! "ఇది వాన కాదే పిచ్చిదానా, పొగమంచు" అంటూ మంచం పట్టుకుని కూర్చున్నారు. నీ అల్లుడూ నేనూ చెరో రెక్క పట్టి లాక్కొచ్చాం, వెనకే గోడ కూలింది. కారిన ఉప్పుబురద మూడో రోజుకి రాయిలా బిగిసి, మిగిలిన గది తలుపు తెరవనివ్వలేదు. గట్టినేల గుంటలు పడింది, పాత గుంటలు పూడి తెల్లగా చదునయ్యాయి. బావికి ఎటు పోవాలో నాకే తెలియడం లేదు.

నా ఉన్నిశాలువా పంపు. చెల్లి నిసిఫోరా కాన్పు అయిందా? మగపిల్లాడా, ఆడపిల్లా?

నిన్న మామగారు అడిగారు: "మీ కొండమీద ఇది ఏటా పడుతుందా?"

"పడుతుంది, మామయ్యా."

"మరి మీ ఇళ్ళెలా నిలుస్తాయే?"

అక్కడే పుట్టి పెరిగాను, అయినా "మా ఇంటికి రాసి అడుగుతా" అన్నాను. కప్పుకి గడ్డి ఎంత వాలుగా పరుస్తారో నాన్ననడిగి వెంటనే రాయి. మామగారు పొద్దస్తమానం బయట కూర్చుని ఆకాశం చూస్తున్నారు, వాన మళ్ళీ రావాలనో, వద్దనో.

నాన్నకి నా దండాలు, చెల్లికి ముద్దులు.

నీ తెయొదోసియా