రెండో తలుపు

శ్రీవారికి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం కులాసా అని మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి ఆ మాట సగమే రాస్తున్నాను, మిగతా సగం చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఓడలో మీరు వేళకు తింటున్నారనీ, కాస్త కునుకు తీస్తున్నారనీ తలుస్తాను.

మీ ఉత్తరం గురువారం అందింది. షెడ్డు కప్పు కారడం ఆగింది. నాకు లాండ్రీలో పొద్దుటి షిఫ్టే ఉంచారు. మామయ్యగారు మోకాళ్ళ మాత్రలు వేసుకుంటున్నారు, మింగేముందు ఆ మాత్రని నాలుగు తిట్టడం మాత్రం మానలేదు.

ఇక మీ కోపం సంగతి. "ఫొటోలో బగ్గీకి రెండు పక్కలా కోత కనిపిస్తోంది. ఒక్క తలుపే కదా అనుకున్నాం? కళ్ళెక్కడ పెట్టుకుని కోశావు?" అని రాశారు. మీ కోపంలో తప్పు లేదు. ఇసుకలో నడిచే ఆ బండి ఫైబర్‌గ్లాస్ తొట్టి మీరూ మామయ్యగారూ ఒక వేసవంతా కూర్చుని అచ్చులో పోసింది. అచ్చు పగిలిపోయింది కాబట్టి అలాంటిది మళ్ళీ రాదు.

మొదటి తలుపు కోసింది నేనే. బగ్గీకి తలుపులుండవు, అంచు మీదుగా కాలెత్తి లోపల వేయాలి. ఆ మోకాళ్ళతో ఆయనకి అది కొండెక్కినంత పని. "వాడు సెలవుకొచ్చి ఇసుకదిబ్బల మీద తిప్పుతానన్నాడు. నన్నెవరూ మూటలా ఎత్తి పడేయకూడదు, నా అంతట నేనే కూర్చోవాలి" అని పట్టుబట్టారు. పడవల కార్ఖానాలో ముప్పయ్యేళ్ళు ఫైబర్‌గ్లాస్ పని చేసిన మనిషి కదా, స్టూలు మీద కూర్చుని చెబుతూ ఉంటే నేను చేశాను. ఎడమ పక్క పెన్సిల్‌తో గీత గీశారు.

"గీత మీద కోయకమ్మా, ఇవతలగా కొయ్యి. మిగిలితే అరగదీసుకోవచ్చు, తరిగితే ఏడవాలి" అన్నారు.

మాస్కు కట్టుకున్నా ఆ దుమ్ము ఒంటికి పట్టి రెండు రోజులు గోక్కుంటూనే ఉన్నాను. "ఇప్పుడు నువ్వు మా కార్ఖానా మనిషివి" అని నవ్వారు. కోసిన చోట బలం పోకుండా కింద ఇనప పైపు పెట్టి, రెజిన్ జిగురులో తడిపిన గాజు గుడ్డ నాలుగు పొరలు వేశాం. గట్టిగా నిలబడింది. అంతవరకూ బాగానే ఉంది.

రెండోది నేను కోయలేదండీ.

ఆ రోజు లాండ్రీ నుంచి వచ్చేసరికి షెడ్డులో రంపం మిషను చప్పుడు. మామయ్యగారు కుడి పక్క కోస్తున్నారు. నేను ప్లగ్గు పీకేలోపే కోత పూర్తయింది. రెండు బల్లల మీద ఆనించిన తొట్టి నడుమ దగ్గర టక్కుమని చిట్లి, కిందికి జారింది. ఆయన నా వైపు తిరిగి, "తలుపు కొయ్యమని వారం నుంచి చెబుతున్నాను, నీకు తీరిక లేకపోయె" అన్నారు. ఎడమ పక్క చూపించాను. చాలాసేపు చూశారు.

మర్నాడు పొద్దున కాఫీ గ్లాసుతో షెడ్డులోకి వెళ్ళి కేకేశారు. "ఎవరమ్మా ఈ పక్క కోసింది? వీడికి పని నేర్పినవాడెవడు?"

"నేనే మామయ్యా" అన్నాను. ఇంకేమనను? ఆయన దగ్గరికొచ్చి తల నిమిరారు. "పోనీలే, చెయ్యి తిరగాలి కదా" అన్నారు. అప్పట్నుంచి రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. కొన్ని రోజులు తల నిమురుతారు, కొన్ని రోజులు తిడతారు.

అసలు దాచింది ఇది కాదు. మీరు ఓడెక్కిన నెలకే ఆయన ఒకే రెజిన్ డబ్బాలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ రెండుసార్లు పోశారు. డబ్బా వేడెక్కి పొగలు కక్కింది. ఇంకోసారి నన్ను చనిపోయిన అత్తయ్య పేరుతో పిలిచారు. మీకు రాస్తే పని మధ్యలో వదిలి వచ్చేస్తారని రాయలేదు. అన్నీ తెలిసి కూడా మిషను ఆయనకి అందేచోట వదిలి వెళ్ళాను. ఆ తప్పు మాత్రం నాదే.

వెల్డరుని పిలిచి చూపించాను. కింద చట్రం వెయ్యకపోతే తొట్టి నిలవదట, వేస్తే ఆ బరువుకి ఇసుకలో దిగబడిపోతుందట. మామయ్యగారిని చూసిన డాక్టరుగారు కూడా దాదాపు అలాగే మాట్లాడారు. ఈ మతిమరుపు తగ్గేది కాదమ్మా, మెల్లగా పెరిగేదే అన్నారు. ఇద్దరి మాటా విని తలూపి వచ్చాను. నాకు చేతనైంది అదే.

ఆయనకి మీరు రాసేటప్పుడు రెండో కోత నేనే కోశానన్నట్టే రాయండి. సెలవు దొరికితే రండి. దొరక్కపోతే ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

ఈ పొద్దున ఆయన కోత గురించి అడగలేదు. చిట్లిన చోట పూయమని పుట్టీ కలిపి ఆయన చేతికిచ్చాను. అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడిపోయారు. "దీన్నేం చెయ్యాలమ్మా?" అని అడిగారు, కొత్తగా పనిలో చేరినవాడిలా, కాస్త భయంగా. ఆయన చెయ్యి పట్టుకుని పగులు మీద ఆనించి, మెల్లగా కిందికి లాగాను. "ఇలాగా?" అన్నారు. "ఇలాగే మామయ్యా" అన్నాను. పుట్టీ గట్టిపడేదాకా ఇద్దరం చెయ్యి తీయలేదు.

ఇట్లు,
మీ ఇల్లాలు