వేళ కాని కూత

హైదరాబాదు,
మంగళవారం, ఆగస్టు 1973

ప్రియమైన యోనా గారికి,

మీ సుగుణ వందనాలు. బసంత్‌నగర్ సిమెంటు లారీ ఎల్లేశం ఇప్పుడే తిరుగు ప్రయాణమవుతున్నాడు. పోస్టులో వేస్తే సభ ముగిశాక అందుతుందని ఈ ఉత్తరం అతని చేతికి ఇస్తున్నాను. అతను గురువారం పొద్దున మళ్లీ ఇక్కడికి వస్తాడు, మీ జవాబు అతని చేతికే ఇవ్వండి.

నర్సుల మహాసభలో ఈరోజు నా వల్ల తప్పు జరిగింది. బయల్దేరేముందు మేట్రన్ అమ్మ చెప్పిన మర్యాదలు మీకు వినిపించి నవ్వాను, గుర్తుందా? పెద్దలు మాట్లాడుతుంటే లేవకూడదు, పక్కవాళ్లతో గుసగుసలాడకూడదు, ప్రశ్న ఉంటే చివర అడగాలి. అన్నీ పాటించాను. దగ్గు వచ్చినా ఆపుకున్నాను.

అధ్యక్షులు ప్రసంగిస్తుండగా బయట సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు, మీ బొగ్గుబాయిలో ప్రమాదమే అనిపించింది. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. కుర్చీ వెనక్కి పడింది. గేటు దాకా వెళ్లి చూస్తే బెల్లంపల్లి దవాఖాన నర్సు సారక్క కూడా వెనకే పరుగెత్తి వస్తోంది, చెప్పులు చేతిలో పట్టుకుని.

"ఏ బాయిదే, సుగుణా?" అంది.

కాపలావాడు మమ్మల్ని ఆపాడు. "బాయి ఏంది తల్లీ? గది బిస్కెట్ల కంపెనీ కూత. రోజూ అన్నానికి విడుస్తరు. మీకు గంత ఆకలైతుందా?"

సారక్క నవ్వింది. నేను మాత్రం కూత ఆగేదాకా గేటు వదల్లేదు. లోపలికి వెళ్లేసరికి అధ్యక్షులు ప్రసంగం ఆపి మమ్మల్నే చూస్తున్నారు. "బొగ్గు గనుల వాళ్లకు కూర్చోవడం ఎవరూ నేర్పలేదా?" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

ఆ నవ్వును ఓర్చుకోగలను. పెళ్లయినప్పటి నుంచి మీకు చెప్పని మాట ఒకటుంది. వేళ కాని వేళ కూత వినపడితే దవాఖానలో మంచాలు సర్దేది నేనే. స్ట్రెచర్ రాగానే ముందు బూట్లు చూస్తాను. అవి మీవి కావని తేలితే గాని మనిషి మొఖం చూడలేను. అప్పటిదాకా నేను నర్సును కాను.

ఎముక విరిగిన మనిషికి బాయిలోపలే కట్టు కట్టి, ఆ తర్వాతే కదిలించాలని నేను రాసిన వ్యాసం గురువారం చదవాలి. అదీ మధ్యాహ్నం, ఆ కూత వేళకే. వేదిక మీద ఉండగా మోగితే మళ్లీ పరుగెత్తనని చెప్పలేను. మీరు సరేనంటే ఎల్లేశం లారీలోనే వచ్చేస్తాను. వ్యాసం సారక్క చదువుతుంది.

మీ జవాబు కోసం చూస్తూ,
సుగుణమణి


గోదావరిఖని,
బుధవారం

సుగుణా,

చేతిరాత చూసి భయపడకు. రాసేది మా సువార్తక్క. చెప్పేది నేనే. నా నోట్లకెల్లి వచ్చింది వచ్చినట్టే రాయమన్న.

నువ్వు పోయిన తెల్లారి బాయిల పైనుంచి బండ పడ్డది. నా కుడిచెయ్యి విరిగింది. కాళ్లు మంచిగనే ఉన్నయి. వేళ కాని కూత మన కాడ గూడ మోగింది. పోస్టాఫీసుకు పోయి నీకు తార్ కొడ్తమని అందరన్నరు. నేనే వద్దన్న. పెద్దలు మాట్లాడంగ లేవద్దని మేట్రనమ్మ చెప్పె. తార్ వస్తె నువ్వు లేవకుంట ఉంటవా? వచ్చినంకనే చెప్దామనుకున్న. నీ ఉత్తరం విన్నంక దాయబుద్ధి కాలే.

అసలు సంగతి విను. బండ తీసినంక పోరగాళ్లు నన్ను జల్ది ఎత్తుకపోదామన్నరు. మా జట్టుల పెద్ద ఆగయ్య కాక కసిరిండు. "సుగుణమ్మ ఏం చెప్పిందిరా? కట్టినంకనే లేపాలె. ఆగుండ్రి!" గొడ్డలి కామ కట్టెను నా చేతికి ఆనించి, తన తువ్వాల చింపి కట్టిండు. కట్టకుంట ఎత్తుకొస్తె చెయ్యి పోయేదన్నడు డాక్టర్ సాబ్. ఇప్పుడు నిలుస్తదట.

గా వ్యాసం నువ్వే చదువు. కూత మోగితె ఆగు, నీళ్లు తాగు, మళ్ల చదువు. నాకు భయం లేదంటె అబద్ధం. మళ్ల బాయిల దిగుడంటె నాకూ గుబులే. లారీల నిన్ను ఎక్కించుకోవద్దని ఎల్లేశంకు చెప్పిన.

ఎడమచేత్తోని పప్పన్నం రెండుసార్లు పెట్టించుకొని తిన్నడు, ఫికర్ చెయ్యకు అని అక్క రాస్తనంటున్నది. రాయనియ్యి.

బూట్ల సంగతి నాకు ఎరుకే. మాతోని పనిచేసే సదయ్యకు బాయిల దెబ్బ తాకిననాడు స్ట్రెచర్ ముందల పట్టుకొచ్చింది నేనే. నీ ఎదురుంగనే నిలబడ్డ. నువ్వు వాని బూట్లే చూసినవు, నన్ను చూడలే.

చదివినంక దవాఖానకే రా. నా కాళ్లకు బూట్లు లేవు. ఈసారి ముందు మొఖం చూడు.

ఎడమచేత్తోని నేనే పెట్టిన సంతకం,
యోనా